చెన్నపట్నం చూడటానికి వచ్చినవాళ్లు

నేను చేసిన ఉద్యోగానికి సరైన పేరు లేదు. బస్సు కంపెనీలో గైడు అనేవాళ్లు. ప్రయాణికులు ‘పట్నం చూపించే అయ్యవారు’ అనేవాళ్లు. మా ఇంట్లోవాళ్లు మాత్రం ఎవరైనా అడిగితే బస్సు కంపెనీలో పని అని చెప్పి ఊరుకునేవాళ్లు. నెల్లూరు చుట్టుపక్కల పల్లెల నుంచి మనుషుల్ని యాత్రా బస్సులో మద్రాసుకు తీసుకుపోయి, రెండు రోజులు ఊరు తిప్పి, మళ్లీ ఎవరి ఊళ్లో వాళ్లను దించి రావడం నా పని. యాభైల చివర్లో చేరాను. అరవైలు దాదాపు మొత్తం ఆ బస్సులోనే గడిచాయి. ఆ తర్వాత మోకాళ్లు మొరాయిస్తే ఆఫీసులో కూర్చోబెట్టారు. అక్కడే రిటైరయ్యాను. ఆఫీసులో కూర్చున్న ఏళ్ల గురించి చెప్పడానికి ఏమీ లేదు.

ఈ మధ్య గైడు పనిలో చేరినవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి అనుభవాలు చెప్పమన్నారు. చెప్పడం కంటే రాయడం నయమనిపించింది. ఎక్కువ మాట్లాడితే ఆయాసం వస్తుంది. కోట ఎవరు కట్టారు, గుడి ఎన్నేళ్లనాటిది అనేవి మీరు చదువుకునే వచ్చుంటారు. వాటి జోలికి పోను. మొదటిసారి పెద్ద ఊరు చూడబోయే మనిషికి ఏం కావాలో, మనకు ఏం తెలియదో, అదే రాస్తాను. ఇందులో ఉత్సాహం కలిగించే మాటలు తక్కువ. చాలామందిని తిప్పి తిప్పి అలిసిపోయినవాడి మాటలు ఇలాగే ఉంటాయి.

చెప్పులు, నీళ్లు, మరుగు

ప్రయాణానికి కొత్త చెప్పులు కొనుక్కోవద్దని చెప్పండి. వింటారని మాత్రం అనుకోవద్దు. కొడవలూరు నుంచి వచ్చే రైతులు ఏడాది పొడుగునా పొలంలో ఒట్టి కాళ్లతో తిరిగి, మద్రాసు పోతున్నామని కొత్త చెప్పులు కొని తొడుక్కుని బస్సెక్కేవాళ్లు. మైలాపూరు చేరేలోపల మడమలు పుండ్లయ్యేవి. మధ్యాహ్నానికి చెప్పులు చేతిలో పట్టుకుని కాలే తారురోడ్డు మీద గెంతుతూ నడిచేవాళ్లు. నా సంచిలో ఎప్పుడూ పాతగుడ్డ పీలికలు, కొబ్బరినూనె సీసా ఉండేవి. నేను చూపించిన కట్టడాల కంటే నేను కట్టిన మడమలు ఎక్కువేమో.

రోడ్డు దాటేటప్పుడు ఒకరి చేతులు ఒకరు పట్టుకోవద్దని చెప్పండి. పల్లెటూరి వాళ్లు భయంతో గొలుసుకట్టుగా చేతులు పట్టుకుంటారు. మధ్యలో కారొస్తే సగం మంది ముందుకు, సగం మంది వెనక్కు లాగుతారు. మధ్యనున్నవాళ్లు రోడ్డు మీద బొక్కబోర్లా పడతారు. పోలీసు చెయ్యి ఎత్తేదాకా ఆగి, ఎవరికి వాళ్లు దాటడం మేలు. హోటలు భోజనం చప్పగా ఉంటుందని ముందే చెప్పి, ఊరగాయ తెచ్చుకోమనండి. తప్పిపోతే ఉన్నచోటే కదలకుండా నిలబడమనండి. ఎవరూ నిలబడరు. అందుకని రెండో మాట కూడా చెప్పండి. కనిపించిన ఎవరినైనా ‘సెంట్రల్’ అని ఒక్క మాట అడిగితే చాలు, స్టేషను గడియారం మేడ చూపిస్తారు, దానికింద నిలబడమనండి. మేం దిగే సత్రం దానికి దగ్గరే.

ఇవన్నీ చిన్న విషయాలు. ఈ పనిలో నా బుర్రను ఎక్కువ తిన్నది ఆడవాళ్లకు మరుగు సంగతి. ఏ గైడు పుస్తకంలోనూ ఇది రాసి ఉండదు. చేరిన కొత్తలో ఒకసారి కోట దగ్గర ఒకామె ఎండకు కళ్లు తిరిగి పడిపోయింది. ఆస్పత్రిలో డాక్టరు ఆమెను అడిగింది ఒక్కటే, ఆఖరున నీళ్లెప్పుడు తాగావని. ముందురోజు సాయంత్రం, ఊళ్లో బస్సెక్కకముందు తాగిందట. బస్సులో ఉన్న ఆడవాళ్లెవరూ నీళ్లు తాగలేదని అప్పుడు తెలిసింది. తాగితే ఎక్కడికి పోవాలో తెలియదు. నన్ను అడగటానికి సిగ్గు. నేను మగవాణ్ణి కాబట్టి నాకు తోచలేదు.

ఆ తర్వాత ఖాళీ దొరికినప్పుడు మద్రాసులో నేను తిరిగింది వీటికోసమే. మైలాపూరులో ఒక బడి పెరడు, బీచికి దగ్గర్లో ఒక వాచ్‌మన్ ఇల్లు, కోటకు ఇవతల ఒక ముసలావిడ వాకిలి. అందరినీ మంచి చేసుకున్నాను. బస్సు ఎక్కడ ఆపాలనేది వాటిని బట్టే నిర్ణయించేవాణ్ణి. ప్రయాణికులకు మాత్రం చరిత్రను బట్టి ఆపుతున్నట్టు కనిపించేది. మీరు కూడా ముందు ఈ పని చూసుకోండి. గోపురం ఎత్తు ఎంతో చెప్పలేకపోయినా ఎవరూ ఏమీ అనరు.

కోర్టు వరండా

మా బస్సు యజమాని పేరు పెంచలయ్య గారు. కుర్రతనంలో ఎద్దులబండి మీద మిల్లుకు ధాన్యం తోలిన మనిషి. తర్వాత బస్సులు కొన్నాడు. చదువు తక్కువ, లెక్క గట్టిది. ఒక రోజులో ఎన్ని చోట్లు చూపించగలిగితే అంత పేరు వస్తుందని ఆయన నమ్మకం. హైకోర్టు, హార్బరు, మ్యూజియం, గుడులు, బీచి, అంగళ్లు, అన్నీ అందులో ఉండాలి. కొన్నింటిని బస్సు కిటికీలోంచి చూపిస్తే చాలు అనేవాడు.

ఒకసారి కొడవలూరు నుంచి వచ్చినవాళ్లలో రమణయ్య గారని ఒక పెద్దాయన ఉన్నాడు. దోవ పొడుగునా ఎవరితోనూ మాట్లాడలేదు. రెండోరోజు పొద్దున హైకోర్టు ఎర్రగోడలు కనబడగానే లేచి నిలబడి, డ్రైవరు మస్తాను భుజం మీద చెయ్యి వేశాడు.

“ఈడ దించు సామీ. నేను వచ్చింది దీన్ని చూసేదానికే” అన్నాడు.

మస్తాను నా మొహం చూసి బస్సాపాడు. రమణయ్య గారితోపాటు ఇంకొందరు దిగారు. వాళ్లను చూసి అందరూ దిగారు. ఆయన తిన్నగా పోయి వరండాలో ఒక బల్ల మీద కూర్చున్నాడు. పక్కన నన్ను కూర్చోమన్నాడు. ఆంధ్ర వేరుపడక ముందు నెల్లూరు కేసులన్నీ ఇక్కడికే వచ్చేవి. వాళ్ల నాయన పొలం గట్టు తగాదాతో ఏళ్ల తరబడి ఈ కోర్టుకు తిరిగాడట. ఇంటికొచ్చిన ప్రతిసారీ ఈ వరండా ఎంత పొడుగో, ఎండ ఏ వేళకు ఎక్కడిదాకా వస్తుందో చెప్పేవాడట. కొడుకు ఎప్పుడూ వెంట రాలేదు. వస్తే పొలం చూసేవాళ్లు లేరు.

నేను ఊరుకోలేక, ఇంతకూ కేసు ఏమైందని అడిగాను.

“గెలిచినాం. గెలిచొచ్చినాక ఆయన ఒక్క పంట కూడా చూడల్యా” అన్నాడు.

ఇంకా కాసేపు కూర్చున్నాడు. ఎండ వరండాలో ఎంతవరకు వచ్చిందో వంగి చూశాడు. నేను తొందర చేయలేకపోయాను. మేం మైలాపూరు చేరేసరికి గుడి తలుపులు మూసేశారు. మళ్లీ సాయంత్రం గాని తెరవరు. సాయంత్రానికి మేం తిరుగు ప్రయాణంలో ఉండాలి. దేవుణ్ణి చూడకుండానే వెనక్కు వచ్చిన వాళ్లు నెల్లూరులో దిగగానే యజమాని దగ్గరికి పోయి నిలదీశారు.

పెంచలయ్య గారు నన్ను పిలిపించాడు. గట్టిగా అరవలేదు. “నువ్వు ఒకడి ముచ్చట తీర్చినావు. దానికోసరం బస్సెడుమంది దేవుణ్ణి చూడకుండా వచ్చినారు. ఎవురికి న్యాయం చేసినట్టు?” అని అడిగాడు.

అప్పటినుంచి ఆయన ఒక నియమం పెట్టాడు. ముందు అనుకున్న చోట్ల తప్ప బస్సు ఆగకూడదు. ఎవరైనా తప్పిపోతే దగ్గర్లో ఉన్న పోలీసుస్టేషనులో చెప్పి, బస్సు వేళకు బయల్దేరాలి. ఒకరికోసం అందరినీ ఆపకూడదు. యజమాని అంటే గిట్టక ఇది చెడ్డ నియమం అనేవాళ్లుంటారు. నేను అనను. బస్సు నడిపేవాడికి అది అవసరమే. మనుషుల్ని తీసుకుపోయేవాడికి కష్టం, అంతే.

చెంగమ్మ

ఆ మరుసటి ఏడు, వానలు వెనకబట్టాక, ఇందుకూరుపేట నుంచి సముద్రం వైపు పోతే వచ్చే ఒక పల్లెకారుల ఊరి వాళ్లు బస్సు మాట్లాడుకున్నారు. చేపలు పట్టి బతికేవాళ్లు. ఇళ్లలో ఒక రకం అరవం మాట్లాడతారు, బయట తెలుగు. వాళ్లను తీసుకొచ్చింది ఊరి పెద్ద కోటయ్య. పొట్టిగా, నల్లగా, మాట తక్కువగా ఉండే మనిషి.

వాళ్లలో చెంగమ్మ అని ఒకామె ఉంది. ముప్పై దాటి ఉంటాయి. మరిది పోలయ్య, అతని భార్య వెంట వచ్చింది. రెండు చేతులకూ నిండుగా ఆకుపచ్చ గాజులు. ఏది చూపించినా అటు ఒకసారి చూసి తల దించుకునేది. మ్యూజియంలో బొమ్మల ముందు అందరూ నోళ్లు తెరుచుకుని నిలబడితే, ఆమె తలుపు దగ్గర నిలబడి అక్కడి ఊడ్చే మనిషితో అరవంలో ఏదో మాట్లాడుతోంది. భాష వచ్చినామె కదా, ఊసుపోక మాట్లాడుతోంది అనుకున్నాను.

రెండోరోజు మధ్యాహ్నం ఆఖరి మజిలీ హార్బరు. లోపలికి పోనివ్వరు. గేటు బయట నిలబడి ఓడల పైభాగాలు చూసి రావడమే. చూసి అందరూ బస్సెక్కారు. మస్తాను అద్దంలో వెనక్కు చూసి, ఒక ఆడమనిషి తగ్గిందన్నాడు. వెనక బెంచీలో పోలయ్య భార్య పక్కన చోటు ఖాళీగా ఉంది.

దిగి వెతికాం. గేటు దగ్గర లేదు, టీ అంగడి దగ్గర లేదు, రోడ్డుకు అవతల లేదు. పోలీసుస్టేషనుకు పోయి చెప్పాను. అక్కడి కానిస్టేబులు మంచిగానే మాట్లాడాడు. ఊరికి కొత్తవాళ్లు రోజూ తప్పిపోతారని, కనిపిస్తే సత్రానికి పంపిస్తామని చెప్పాడు. నియమం ప్రకారం నా పని అక్కడితో అయిపోయింది. ఇక బస్సు బయల్దేరాలి.

బస్సు దగ్గరికి వచ్చేసరికి పోలయ్య అందరికీ వినబడేట్టు మాట్లాడుతున్నాడు. ఆమె కావాలనే ఉండిపోయిందని, పట్నంలో ఏదో ఒక పని చూసుకుని బతకాలని మనసులో పెట్టుకునే వచ్చిందని అన్నాడు. ఆమెకోసం చీకటి పడేదాకా ఉంటే చంటిపిల్లలతో ఎప్పటికి ఇల్లు చేరతామన్నాడు. కొందరు అవునన్నారు.

కోటయ్య మెట్టు దిగి రోడ్డు మీద నిలబడ్డాడు.

“ఊళ్లో ఎంతమందిని ఎక్కించుకొచ్చినానో అంతమందిని దించాల. మీరు పోండి. నేను ఈడే ఉంటా” అన్నాడు.

అతన్ని వదిలి పోతే ఇద్దరు తప్పిపోయినట్టవుతుంది. నేను మస్తానును చూశాను. అతను ఇంజను ఆపేసి, తాళం తీసి జేబులో వేసుకున్నాడు. అతనికీ ఉద్యోగం ముఖ్యమే. ఇంటినిండా పిల్లలు. ఆ మాట అప్పుడు ఇద్దరమూ అనుకోలేదు.

పోలయ్య భార్య నీళ్లకని దిగి, భర్త చూడకుండా బస్సు వెనకవైపు నా దగ్గరికి వచ్చింది.

“అన్నా, ఆమె పనికీ పాటకూ పోలా. తెప్పలుండే చోటు యాడని నిన్నటినుంచి కనబడినోళ్లనంతా అడగతా ఉండాది. నేను చెప్పినానని మా ఇంటాయనకు చెప్పబాక” అంది.

హార్బరుకు ఉత్తరాన రాయపురం వైపు చేపలవాళ్ల ఇళ్లున్నాయని నాకు తెలుసు. అయితే యాత్రలో ఎవరికీ అది చూపించలేదు. అక్కడ చూడటానికి ఏముందని అనుకునేవాణ్ణి. కోటయ్యా నేనూ నడక మొదలుపెట్టాం. లారీలు, గోదాములు, రైలుకట్టలు. ఆ రెండు రోజులూ కోటయ్య మద్రాసులో ప్రతి మూలమలుపు దగ్గరా ఆగి, భయపడుతూ నడిచాడు. చేపల వాసన తగిలేసరికి నన్ను దాటి ముందుకు పోయాడు.

ఇసకలో తెప్పలు వరసగా లాగిపెట్టి ఉన్నాయి. ఒక తెప్ప నీడలో ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. ఆయన ఎదురుగా చెంగమ్మ గొంతుక్కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు, పారిపోలేదు.

“చెప్పి రాగూడదా చెంగా” అన్నాడు కోటయ్య.

“చెప్తే రానిచ్చేవాళ్లా?” అంది.

ఆ తర్వాత ఆమె చెప్పింది, కోటయ్య మధ్యలో కొంత కలిపాడు. రెండేళ్ల కిందట వానల మొదట్లో ఆమె భర్త ఇంకో ఇద్దరితో కలిసి తెప్ప మీద వేటకు పోయాడు. గాలి తిరిగింది. ఆ ఇద్దరి శవాలు కృష్ణపట్నం వైపు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఇతను రాలేదు, తెప్పా రాలేదు. ఊళ్లో వాళ్లు కొన్నాళ్లు చూసి, ఇక కర్మ చేయాలన్నారు. చెంగమ్మ ఒప్పుకోలేదు. పోయాడని ఒప్పుకుంటే వల, ఉమ్మడి పడవలో వంతు తనకు వస్తాయని పోలయ్య తొందర. అలా ఊళ్లో రెండేళ్లుగా ఆ పంచాయితీ తెగలేదు.

వానల నెలల్లో నీటి పోకడ దక్షిణానికి ఉంటుందని సముద్రం మీద బతికేవాళ్లందరికీ తెలుసు. వాళ్ల ఊరి దగ్గర కొట్టుకుపోయింది ఏదైనా మద్రాసు వైపు రావాలి. ఎప్పుడో ఎవరో ఇలాగే కొట్టుకొచ్చి, ఇక్కడివాళ్లు ఒడ్డుకు లాగితే బతికాడని ఆమె చిన్నప్పుడు విన్నది. వచ్చి చూడాలంటే ఆడమనిషి ఒక్కతే ఇంత దూరం ఎలా వస్తుంది? ఊళ్లో వాళ్లు పట్నం చూడటానికి పోతున్నారంటే, నేనూ వస్తానంది.

“చచ్చిపోయినాడని నాకు చెప్పినోళ్లలో చూసినోళ్లు ఒక్కరు కూడా లేరన్నా. చూడకుండా గాజులు ఎట్ల తీసేది?” అని నన్నే అడిగింది. ఊరి పెద్ద పక్కనే ఉన్నా నన్నే అడిగింది.

నేను ఆ ముసలాయన వైపు తిరిగి, వచ్చిన అరవంలో అడిగాను. అలాంటి మనిషెవరూ రాలేదని చెప్పాడు. ప్రతి వానకాలంలోనూ విరిగిన తెప్పలు మాత్రం వస్తాయట. తెప్పకు కట్టిన మాను బాగుంటే వాడుకుంటారు, లేకపోతే ఎండబెట్టి పొయ్యిలో పెడతారు. తన భర్త తెప్ప ముందు మాను మీద ఒక గుర్తు చెక్కి ఉంటుందని, అలాంటిది చూశారా అని చెంగమ్మ అప్పటికే ఆయన్ని అడిగిందట.

“గుర్తులు చూసి ఎవరు కాలుస్తారమ్మా” అన్నాడు ఆయన. కటువుగా అనలేదు. ఉన్న మాట చెప్పాడు.

చెంగమ్మ లేచింది. చీరకు అంటిన ఇసక దులుపుకుంది. వరసలో మొదటి తెప్ప దగ్గరికి పోయి, వంగి, ముందు మానును చేత్తో తడిమింది. తర్వాత రెండోది. ఆ తర్వాతది. అక్కడివాళ్లు చేస్తున్న పనులు ఆపి చూస్తున్నారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. కోటయ్య సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. అవతల బస్సులో పిల్లలు ఏడుస్తుంటారని, యజమాని నెల్లూరులో ఎదురు చూస్తుంటాడని నాకు తెలుసు. అయినా చివరిదాకా చూసుకోనీ అని ముసలాయన పక్కన ఇసకలో కూర్చున్నాను. ఆమె వరస చివరి తెప్పదాకా పోయి చూసి, అదే నడకతో తిరిగి వచ్చింది.

“పోదాం పదండి” అంది.

యజమాని మాట

ఆ ప్రయాణం వల్ల కంపెనీకి నష్టమే జరిగింది. మర్నాడు పొద్దున ఆ బస్సులో పోవలసిన పెళ్లివాళ్లు చూసి చూసి వేరే బస్సు మాట్లాడుకున్నారు. మళ్లీ మా మొహం చూడలేదు. పెంచలయ్య గారు నన్ను పనిలోంచి తీసేస్తానన్నాడు. “మనం ఊరు చూపించేవాళ్లం. మునిగిపోయినోళ్లను వెతికేవాళ్లం కాదు” అన్నాడు. అది తప్పని నేను అనలేదు. బస్సు ఆపింది నేనేనని, మస్తానును ఏమీ అనవద్దని మాత్రం చెప్పాను. మస్తాను లోపలికి వచ్చి తాళం తీసింది తానేనన్నాడు.

రెండు మూడు రోజుల తర్వాత కోటయ్య నెల్లూరు వచ్చాడు. ఆఫీసులో పెంచలయ్య గారి ఎదురుగా చాలాసేపు కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేనూ గుమాస్తాలూ బయట ఉన్నాం. అతను పోయాక యజమాని నన్ను పిలిచాడు. మొహంలో కోపం పోలేదు.

“నీకు ఉద్యోగం ఉంటది. ఒక్క మాట విను. ఇంక మీదట బస్సు గూడూరు దాటకముందే ఒక్కొక్కరినీ అడుగు, నువ్వు ఎందుకొస్తన్నావని. దాన్ని బట్టి దోవ పెట్టుకో. ఆడికి పోయినాక నాకు తగాదాలొద్దు” అన్నాడు.

నా ఉద్యోగంలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం ఇదే. నేను కనిపెట్టింది కాదు, నన్ను తిట్టిన యజమాని చెప్పింది. ఆయన దగ్గర చిరాకు పడ్డ రోజులు చాలా ఉన్నాయి, కానీ ఈ మాట ఆయనదే అని చెప్పకపోతే అన్యాయం.

ఆ తర్వాత ప్రతి ప్రయాణంలోనూ అడిగాను. మద్రాసులో మీరు ఒక్కటే చూడగలరంటే ఏది చూస్తారు అని. మొదట అందరూ ఒకటే చెబుతారు, అందరూ చూసేదే మేమూ చూస్తాం అని. తొందరపడకండి. సూళ్లూరుపేట దాటేలోపల ఒక్కొక్కరు లేచి, డ్రైవరు సీటు వెనకాల నా దగ్గరికి వచ్చి, మెల్లగా చెబుతారు. తల్లి పోయిన ఆస్పత్రి వార్డు చూడాలని ఒకతను. రేడియోలో మాట్లాడేవాళ్లు కూర్చునే మేడ బయటినుంచైనా చూడాలని ఒక పంతులు. బోగోలు నుంచి వచ్చిన ఒకామెకు లిఫ్టు ఎక్కి దిగాలని. అదొక్కటే నేను తేలిగ్గా తీర్చిన కోరిక. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని ఎక్కి, పైకి పోయాక తెరిచింది. దిగేటప్పుడు మాత్రం మెట్ల మీద దిగింది.

అడగడం వల్ల పని తేలికైందని మాత్రం అనుకోవద్దు. బరువెక్కింది. సగం కోరికలు తీరవు. ఆ వార్డు ఎప్పుడో పడగొట్టి కొత్తది కట్టారు. అతను కొత్త గోడలు చూసి, ఇది కాదని చెబుతూ నిలబడ్డాడు. అలాంటివి కూడా మీరు చూడాలి. అడిగిన తర్వాత మీకు సంబంధం లేదని తప్పుకోలేరు. అంత ఓపిక లేదనుకుంటే అడగవద్దు, గోపురాలు చూపించి పంపించండి. అది కూడా మర్యాదైన పనే. దాన్ని నేను తక్కువ చేయను. రాత్రి నిద్ర బాగా పడుతుంది.

తర్వాత

చెంగమ్మ మరుసటి ఏడు కూడా వచ్చింది. ఈసారి దాచలేదు. మైలాపూరు వైపు ఉన్న చేపలవాళ్ల ఇళ్ల దగ్గరికి పోవాలని బస్సు ఎక్కకముందే చెప్పింది. మిగిలినవాళ్లు గుడిలో ఉన్నంతసేపూ పోలయ్య భార్యను తోడిచ్చి తీసుకుపోయాను. అక్కడ కూడా ఎవరికీ ఏమీ తెలియదు. అక్కడ కూడా ఆమె తెప్పలన్నీ చూసింది. వెనక్కు వస్తున్నప్పుడు మరోచోటు చూద్దాం అనే మాట నా నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. లేని ఆశ పెట్టడం గైడు పని కాదు.

ఆ తర్వాత కొన్నేళ్లు రాలేదు. కోటయ్య నెల్లూరు వచ్చినప్పుడు చెప్పేవాడు. ఒకరోజు పొద్దున ఆమే ఒడ్డుకు పోయి, ఎవరూ చెప్పకుండా, ఎవరూ పక్కన లేకుండా గాజులు తీసి సముద్రంలో వేసి వచ్చిందట. ఆ సాయంత్రం ఊరివాళ్ల ముందుకు వచ్చి, వల మాత్రం ఇవ్వనని, అది తన దగ్గరే ఉంటుందని, మనుషుల్ని పెట్టి వేటకు పంపుకుంటానని చెప్పిందట. పోలయ్య ఎంత గొడవ చేసినా కోటయ్య ఆమె మాటే ఖాయం చేశాడు. ఊరు ఒప్పుకుంది. ఆ మాట చెబుతున్నప్పుడు కోటయ్య మొహంలో సంతోషం ఏమీ కనబడలేదు. ఒక పని పూర్తయిందన్నట్టు మాత్రం ఉంది.

అరవైల చివర్లో, నేను ఇక బస్సు ఎక్కలేనని ఆఫీసులో చెప్పుకున్న ఏడు, ఆ ఊరివాళ్లు మళ్లీ వచ్చారు. ఆడవాళ్లే ఎక్కువ. వాళ్లలో చెంగమ్మ ఉంది. తల కొంచెం నెరిసింది. దోవలో అందరినీ అడిగినట్టే ఆమెనూ అడిగాను. ఏమీ లేదన్నా, ఊరికే వచ్చాను అంది. సూళ్లూరుపేట దాటింది, తడ దాటింది. ఆమె లేచి రాలేదు.

మొదటిరోజు సాయంత్రం బీచికి తీసుకుపోయాను. మొదటిసారి వచ్చినవాళ్లు ఎవరైనా ఇక్కడ నీళ్లలోకి పరిగెత్తుతారు. వీళ్లు మాత్రం సముద్రం వైపు వీపు పెట్టి ఇసకలో కూర్చున్నారు. ఇంట్లో చూసేది ఇక్కడ చూడటమెందుకు అనుకున్నారేమో. రోడ్డు మీద పోయే కార్లు, అవతల మేడలు చూస్తూ శనగ గుగ్గిళ్లు తింటున్నారు. నేను ఒక కంట చెంగమ్మను కనిపెట్టుకునే ఉన్నాను. కొంచెం దూరంలో ఇసక మీద తెప్పలున్నాయి. ఆమె ఎప్పుడు లేచి అటు పోతుందో, వెంట పోవాలంటే నా మోకాళ్లు ఏమంటాయో అని ఆలోచిస్తున్నాను. ఆమె అటు చూడనైనా చూడలేదు.

కాసేపటికి నన్ను పిలిచింది.

“అన్నా, ఆ ఎర్రమేడ ఏంది? మూలమూలకీ గోపురాలుండాయే, అది.”

అది యూనివర్సిటీ వాళ్లదని, చదువు పూర్తయినవాళ్లకు అక్కడ పట్టాలిస్తారని చెప్పాను. గోపురాలకు ఆ రంగులెందుకని అడిగింది. నాకు తెలియదన్నాను. లోపల ఎట్లుంటుందని అడిగింది. ఇన్నేళ్లలో నేనూ లోపలికి పోలేదన్నాను.

“పోనిస్తారా?”

“ఏమో. అడుగుదాం పద” అన్నాను.

ఆమె చేతిలో ఉన్న గుగ్గిళ్ల పొట్లం పక్కనున్నామెకు ఇచ్చి లేచింది. పోలీసు చెయ్యి ఎత్తేదాకా ఆగి, ఇద్దరం రోడ్డు దాటాం.